ముట్టకుండా కదులుతుందా?

ఒక ఊళ్లో చిన్నపిల్లకు చలిజ్వరం వచ్చింది. పక్కింటి ముసలమ్మ ఆ పిల్లను ముట్టనైనా ముట్టలేదు. అయినా "ఆమె చూపుతోనే చేసింది, చేతబడి" అన్నారు నలుగురు. చూపుతో జ్వరం వస్తుందా? ముట్టకుండా ఏదైనా జరుగుతుందా?

ముందు ముట్టుకుంటే జరిగేవి చూద్దాం. చేంతాడు లాగితే బొక్కెన పైకి వస్తుంది. తోస్తే తలుపు తెరుచుకుంటుంది. పిడి పట్టి తిప్పితే తిరగలి తిరుగుతుంది. ఇలా తోయడానికీ, లాగడానికీ కావలసినదే బలం.

ముట్టకుండా కదిలేవి కూడా ఉన్నాయి.

బట్టలు కుట్టే అక్క సూది దుమ్ములో పడింది. ఆమె అయస్కాంతం తెచ్చి దుమ్ము మీద తిప్పింది. సూది లేచి వచ్చి దానికి అతుక్కుంది. అయస్కాంతం ఇనుమును కొంచెం దూరం నుంచే లాగుతుంది. ఇత్తడిని, బంగారాన్ని లాగదు.

ప్లాస్టిక్ దువ్వెనతో పొడిజుట్టు బాగా దువ్వండి. దువ్వెనను చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు లేచి అంటుకుంటాయి. రాపిడి వల్ల దువ్వెనలో కాస్త విద్యుత్తు పుడుతుంది. తలకు నూనె ఉంటే ఇది సరిగా జరగదు.

తొడిమ ఊడిన చింతకాయ కిందికే పడుతుంది. ఎందుకు? భూమి దాన్ని లాగుతుంది. ఈ సంగతి న్యూటన్ 1687లో తన పుస్తకంలో వివరంగా రాశాడు. అంత దూరాన ఉన్న చంద్రుడు సముద్రాన్ని లాగుతాడు. అందుకే పోటు వస్తుంది.

ఇవేవీ మాయలు కావు. మంత్రం చదవక్కర్లేదు. ఎవరు చేసినా జరుగుతాయి. దూరం పెరిగితే లాగుడు తగ్గుతుంది. అయస్కాంతాన్ని బారెడు దూరం పెట్టండి, సూది కదలదు. చూపుకు మాత్రం ఏ బలమూ లేదు. చూపుతో గడ్డిపరకను కూడా ఎవరూ కదిలించలేరు.

మరి జ్వరం ఎలా వచ్చింది? చెడుగాలి సోకి మలేరియా వస్తుందని పూర్వం అనుకునేవారు. 1897లో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ పొట్టను కోసి చూశాడు. అందులో మలేరియా క్రిమి కనిపించింది. జ్వరం ఉన్నవాళ్లను కుట్టిన దోమ కొన్ని రోజులకు ఇంకొకరిని కుడుతుంది. అలా జ్వరం పాకుతుంది. ఎవరూ ముట్టలేదు అనుకున్నాం. దోమ ముట్టింది!

"నాకు చేతబడి చేశారు" అనుకున్న మనిషికి నిద్ర పట్టదు. అన్నం సయించదు. మనిషి చిక్కిపోతుంది. అది భయం చేసే పని. మంత్రం చేసే పని కాదు.

కానీ ఈ అనుమానంతో మన పల్లెల్లో మనుషులను చెట్టుకు కట్టి కొట్టారు. పళ్లు ఊడగొట్టారు. చంపారు కూడా. ఒంటరి ముసలమ్మ మీదికి నింద తొందరగా పోతుంది. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు.

జ్వరం వస్తే భూతవైద్యుడి దగ్గరికి పోవద్దు. సర్కారు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవనీయకండి. దోమతెర కట్టండి. ఎవరినైనా చేతబడి పేరుతో కొట్టబోతే నలుగురూ కలిసి అడ్డుపడండి. పోలీసులకు చెప్పండి.

ఆలోచించండి:
1. ముట్టకుండా వస్తువులను లాగేవి ఏవి?
2. పిల్లకు జ్వరం ఎలా వచ్చింది?
3. మీ ఊళ్లో ఎవరి మీదైనా ఇలాంటి నింద ఉందా? ఆమె ఇంటికి మీరు పోతున్నారా?