బిడ్డ పరీక్షకై నిరీక్షణ

బిడ్డకు జ్వరము తగిలినచో తల్లి ఆనాడే వైద్యుని కడకు తీసికొనిపోవును. కాలు విరిగినచో ఇరుగుపొరుగువారే బండి కుదిర్చి పంపుదురు. కాని రెండేండ్లు నిండిన బిడ్డ పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడకున్నచో, వచ్చిన ఒకటి రెండు మాటలును మరల పోయినచో, ఆ ఇంటివారు ఎవరి కడకు పోవలెను? ఎంతకాలము వేచియుండవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చి ఇచట ముచ్చటింపదలచినాము.

ఆటిజము అను పదమును ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో స్విట్జర్లండు మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ వాడుకలోనికి తెచ్చెను. ‘తాను’ అను అర్థము గల గ్రీకు శబ్దము దానికి మూలము. మన భాషలో కొందరు దానిని స్వలీనత అనుచున్నారు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి వ్రాసిన వ్యాసముతో ఆ పేరు బాల్యమున కనిపించు ఒక ప్రత్యేక స్థితికి స్థిరపడినది. 2013లో అమెరికా మనోవైద్యులు తమ నిర్ధారణ గ్రంథమును సవరించి, అంతవరకు వేర్వేరు పేర్లతో నున్న స్థితులను ఒకే వర్ణమాల క్రిందికి తెచ్చిరి. ఇంద్రధనుస్సులో ఒక రంగు మరియొక రంగులో కలిసిపోయినట్లే ఇందును తేడాలున్నవి. ఒక బిడ్డకు మాటయే రాదు. మరియొక బిడ్డ ధారాళముగా మాటలాడును గాని ఎదుటివాని మనసెరిగి మారుపలుకుట వానికి కష్టము. ఇద్దరును ఆ వర్ణమాలలోని వారే.

ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. తల్లి ముద్దుచేయక పోవుటచేత వచ్చునది కాదు. ఒకానొక కాలమున పాశ్చాత్యదేశములలో తల్లి మనసు చల్లబడినందుననే బిడ్డ ఇట్లగునని చెప్పిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను శాస్త్రజ్ఞుడు దానిని ఖండించెను. ఆ వాదము నేడు నిలువలేదు. టీకామందు వలన వచ్చునని 1998లో లండనున వెలువడిన వ్యాసమును ప్రకటించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. కావున మన యిండ్లలో కోడలిని నిందించు అత్తగారును, తన్ను తానే నిందించుకొను తల్లియు ఆ భారమును దింపుకొనవచ్చును.

ఇక నిరీక్షణ యెందులకు? ఆటిజమును రక్తపరీక్షలో గాని, మెదడు చిత్రములో గాని పట్టుకొనలేము. బిడ్డ ఆడుచుండగా చూడవలెను. తల్లిదండ్రులను అడిగి పుట్టుక మొదలు ఎదుగుదల అంతయు తెలిసికొనవలెను. చెవి వినికిడి సరిగానున్నదో లేదో ముందుగా తేల్చుకొనవలెను. వినపడని బిడ్డయు పిలుపునకు పలుకడు గదా! ఇది పది నిమిషములలో తెమలు పని కాదు. ఒక్క వైద్యునితో ముగియునదియు కాదు. నేర్చినవారు తక్కువ, వచ్చు పిల్లలు ఎక్కువ. వరుస పెరుగుటకు మూలమిదియే.

ఇది మనకొక్కరికే గల చిక్కు కాదు. ఇంగ్లండులో వైద్యుడు పంపిన మూడు నెలలలో పరీక్ష ఆరంభింపవలెనని నియమమున్నది. అయినను 2024 నాటికి అచట ఆటిజము పరీక్షకై వేచియున్నవారు రెండు లక్షలు దాటిరి. అచట వరుసకు లెక్కయైనను కలదు. మన పల్లెలలో వరుసలో ఇంకను చేరని పిల్లలే హెచ్చు.

పెనుగొలను గ్రామమునే తీసికొందము. కృష్ణాజిల్లా నుండి 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో, గంపలగూడెం మండలమున ఉన్న ఊరది. దగ్గరి పట్నము తిరువూరు. పెద్ద ఆసుపత్రులు, నిపుణులు కావలెనన్న విజయవాడకు పోవలెను. అచట మూడేండ్ల కుఱ్ఱవాడొకడు ఇంకను మాటలాడుట లేదని అనుకొందము. మొదటి నిరీక్షణ ఇంటిలోనే ఆరంభమగును. ‘వాని మేనమామకును నాలుగేండ్లకు గాని మాటలు రాలేదు, తొందరపడకుడు’ అని పెద్దలందురు. ఆ మాటలో ప్రేమయున్నది. ఒక్కొక్కచో సత్యమును ఉండవచ్చును. కాని రెండేండ్ల వయసుననే అనుభవజ్ఞులు ఆటిజమును విశ్వసనీయముగా గుర్తింపగలరు. ఇంటిలో గడచిన ఏడాది తిరిగి రాదు.

రెండవ నిరీక్షణ పట్నపు దారిలోనిది. కూలి మానుకొని బస్సెక్కి పోయిన తండ్రికి ‘ఈనాడు నిపుణుడు లేరు, మరియొకనాడు రండు’ అను మాట వినిపించిన, ఆ మరియొకనాడు ఎన్ని వారములకు వచ్చునో! మూడవది నిపుణుని వాకిట. నాలుగవది పేరు తేలిన పిదప ధ్రువపత్రమునకై. మన రాష్ట్రమున అది సదరం శిబిరములలో జరుగును. ముందుగా స్లాటు పొందవలెను, నిర్ణయించిన దినమున వైద్యమండలి యెదుట బిడ్డను నిలుపవలెను.

ధ్రువపత్రమునకు విలువ లేకపోలేదు. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము దానిని గుర్తించెను. 2016 నాటి హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములలో ఒకటిగా చేర్చెను. తగిన ధ్రువపత్రమున్న బిడ్డకు ఆరేండ్ల నుండి పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకమున లక్ష రూపాయల వరకు వైద్యబీమా కలదు. ఈ పత్రమునకు ఆధారమైన భారతీయ కొలమానము సికిందరాబాదు మనోవికాస్ నగరులోని జాతీయసంస్థలో రూపొందినదని మనము గర్వించవచ్చును. అందు నలువది అంశములు; ఒక్కొక్కదానికి ఒకటి నుండి అయిదు వరకు గుణములు. మొత్తము డెబ్బదికి లోపున్నచో ఆటిజము లేదని, నూటయేబదిమూడు దాటినచో తీవ్రమని ఎంచుదురు.

అయితే ఇచట ఒక భేదమును గట్టిగా చెప్పవలసియున్నది. పింఛనుకు, బీమాకు పత్రము కావలెను. బిడ్డతో ఆడుటకు, మాట నేర్పుటకు ఏ పత్రమును అక్కరలేదు. గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను జరిగిన ఒక పరిశోధన ఫలితములు 2016లో వెలువడినవి. నిపుణులు కాని ఆరోగ్యకార్యకర్తలే శిక్షణ పొంది ఇంటింటికి పోయి, బిడ్డ చూపును, సైగను గమనించి బదులిచ్చు తీరును తల్లిదండ్రులకు నేర్పిరి. తల్లిదండ్రులు బిడ్డలకు బదులిచ్చు తీరు మెరుగుపడినది. బిడ్డలును తామై పలుకరించుట హెచ్చినది. నిపుణులు కొరవడిన మన పల్లెలకు ఇంతకంటె ఆశాజనకమైన వార్త యేమున్నది?

కావున వేచియున్న దినములను వ్యర్థముగా పోనీయరాదు. బిడ్డ చూచుచున్న వస్తువును మనమును చూచి దాని పేరు చెప్పవలెను. పొడవాటి వాక్యములు మాని రెండేసి మాటలలో పలుకవలెను. నీళ్లు కావలెనని చేయి చూపినచో, ‘నీళ్లు’ అని చెప్పి ఒక్క క్షణమాగి ఈయవలెను. స్నానము, భోజనము, నిద్ర ఒకే క్రమమున జరుపవలెను. చేతికి ఫోను ఇచ్చి కూర్చుండబెట్టుటకంటె గుజ్జనగూళ్ల ఆట మేలు. గమనించిన సంగతులను తేదీతో ఒక పుస్తకములో వ్రాసికొన్నచో నిపుణుని కడ ఎంతో కాలము కలిసివచ్చును.

మరియొక హెచ్చరిక. నిరీక్షణ దీర్ఘమైన చోట మోసము పొంచియుండును. మూలకణములతో ఆటిజమును నయము చేయుదుమని చెప్పువారున్నారు; ఆ చికిత్స ఆటిజమునకు సిఫారసు చేయదగినది కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన మండలి స్పష్టముగా చెప్పినది. పొలము తాకట్టు పెట్టి అటువంటివారి గుమ్మమెక్కుట కంటె వరుసలో నిలుచుటయే మేలు.

వరుసను కుదించు మార్గములును లేకపోలేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రకారము సంచార వైద్యబృందము అంగన్‌వాడీలకు ఏటికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారు పోవలెను. వారు చూడవలసిన స్థితులలో ఆటిజమును కలదు. అనుమానమున్నచో జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. ఆ బృందము వచ్చిన దినమున తల్లి ఎదుటనుండి అడిగినచో, అంగన్‌వాడీ టీచరు తనకు తోచినది దాచక చెప్పినచో, మొదటి నిరీక్షణ సగము తగ్గును. నిపుణులు నెలకొకమారు తిరువూరువంటి చోటికి వచ్చు ఏర్పాటున్నచో రెండవది తగ్గును. ఏ శిబిరము ఏనాడో, ఎందరు వేచియున్నారో గ్రామసచివాలయపు గోడమీద వ్రాసియుంచినచో తండ్రికి ఒక దినపు కూలియైనను మిగులును.

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన కోరికలు కావు. పెద్దలు తేదీలు మార్చుకొనవచ్చును గాని బిడ్డ ఎదుగుదల ఆ తేదీలకై ఆగదు. మీ వీధిలో పిలిచిన పలుకని బిడ్డ యున్నచో, ఆ తల్లిని జాలిగా చూచి ఊరకుండక, ఈ వారమే అంగన్‌వాడీ వరకు ఆమెకు తోడుగా నడువుడు.