ఇక్సీయా, మామూలు ఐవీఎఫా? తేల్చేది చాక్లెట్ సిస్టు కాదు

పెళ్ళయి ఏడాది తిరగ్గానే మన సిక్కోలు వైపు "ఏటమ్మా, విశేషమేటీ నేదా?" అని కోడలినే అడుగుతారు. స్కానింగులో చాక్లెట్ సిస్టు కనబడిందంటే ఇక తలో మాట. ఆ మాటల్లో కొన్ని నెలల కాలాన్ని, లక్షల రూపాయల్ని మింగేస్తాయి.

అపోహ: నెలసరి నొప్పి అందరికీ ఉండేదే.

వాస్తవం: పని మానుకుని మంచం పట్టేంత నొప్పి మామూలు కాదు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీద, పొత్తికడుపులో పెరిగే జబ్బే ఎండోమెట్రియోసిస్. దానివల్ల అండాశయంలో కట్టే సిస్టే ఈ చాక్లెట్ సిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు పుట్టే వయసులో ఉన్న ప్రతి పదిమంది స్త్రీలలో సుమారు ఒకరికి ఈ జబ్బు ఉంటుంది.

అపోహ: ఇక ఐవీఎఫ్ తప్ప దారి లేదు.

వాస్తవం: జబ్బు తేలికపాటిదై, ట్యూబులు తెరుచుకుని, వీర్యం బాగుంటే మామూలుగా నెల తప్పేవాళ్ళున్నారు. మందులతో ఐయూఐ, అంటే వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించే పద్ధతి, చేసి చూడొచ్చు. ట్యూబులు మూసుకుపోయినా, వయసు మీరుతున్నా ఐవీఎఫ్‌కు జాప్యం తగదు. నెలసరిని ఆపే హార్మోన్ మందులు నొప్పిని తగ్గిస్తాయే గానీ గర్భం నిలిచే అవకాశాన్ని పెంచవు.

అపోహ: సిస్టు తీయించాకే ఐవీఎఫ్.

వాస్తవం: ఆపరేషన్‌లో సిస్టు గోడతో పాటు అండాలున్న కణజాలమూ కొంత పోతుంది, అండాల నిల్వను చెప్పే ఏఎంహెచ్ పడిపోతుంది. ఐవీఎఫ్ ఫలితం పెరుగుతుందని ఈ ఆపరేషన్ అందరికీ చేయవద్దని యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం 2022లో చెప్పింది. భరించలేని నొప్పి ఉన్నా, అండాలు తీసే సూదికి సిస్టు అడ్డొచ్చినా అది వేరే సంగతి.

అపోహ: ఈ జబ్బులో అండాలు బలహీనం, కాబట్టి ఇక్సీయే చేయాలి. ఖర్చెక్కువైనా ఖాయం.

వాస్తవం: జేబుకు చిల్లు పడేది ఇక్కడే. మామూలు ఐవీఎఫ్‌లో అండం చుట్టూ వేల వీర్యకణాలను వదులుతారు, దూరగలిగింది దూరుతుంది. ఇక్సీలో అండం చుట్టూ ఉన్న కణాలను ఎంజైముతో ఒలుస్తారు. మైక్రోస్కోపు కింద గాజు గొట్టంతో అండాన్ని కదలకుండా పట్టి, తోక నొక్కి కదలిక ఆపిన ఒకే ఒక్క వీర్యకణాన్ని సూదితో లోపలికి పంపుతారు. మర్నాడు అండంలో రెండు కేంద్రకాలు కనబడితే ఫలదీకరణ జరిగినట్టు. చూడ్డానికి అబ్బురమే, కానీ ఆ సూది అండం నాణ్యతను పెంచదు.

1992లో బ్రస్సెల్స్ వైద్యులు లోకానికి చూపిన ఈ పద్ధతి పుట్టింది మగవారి వీర్యలోపం కోసం. వియత్నాంలో వీర్యం బాగున్న 1,064 జంటలను రెండు వర్గాలు చేసి పోల్చారు. ఇక్సీలో 35 శాతం మందికి, మామూలు ఐవీఎఫ్‌లో 31 శాతం మందికి బిడ్డలు పుట్టారు. గణాంకాల ప్రకారం అది తేడా కిందికి రాదని 2021లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అది ప్రత్యేకించి ఎండోమెట్రియోసిస్ మీద చేసిన అధ్యయనం కాదు. అయినా సిస్టు ఒక్కటే చూపి ఇక్సీ రాస్తే కారణం అడగాల్సిందే. వీర్యకణాలు తక్కువైనా, కదలిక మందగించినా, ఇంతకుముందు ఫలదీకరణ విఫలమైనా ఇక్సీ సరైనదే. ఎటూ తేలనప్పుడు, అండాలు తగినన్ని వస్తే, సగం ఇలా సగం అలా చేసే పద్ధతీ ఉంది.

అపోహ: సిస్టు ఆమెకుంటే ఆయనకు వీర్య పరీక్షెందుకు?

వాస్తవం: పై నిర్ణయమంతా ఆ పరీక్ష మీదే నడుస్తుంది. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు పోయేవారు జూన్, జులైల్లో అక్కడ వేట నిషేధం వేళ ఇంటికొచ్చినప్పుడు చేయించుకోవచ్చు. అండాలు తీసే రోజుకు రాలేకపోతే ముందే శాంపిల్ ఇచ్చి శీతలీకరించి భద్రపరచుకునే వీలుంది.

2021 చట్టం ప్రకారం ఐవీఎఫ్ కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. విశాఖలోనైనా, మరెక్కడైనా ఆ పత్రం చూపించమనండి. ఆపైన డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఆయన రిపోర్టు బాగుంది కదా, మాకు ఇక్సీ ఎందుకు?"