ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే గాలం వేయకండి!

అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో బోటు అద్దెకు తీసుకుని టార్పన్ చేప కోసం గాలం వేస్తారు. చిక్కితే నీళ్లలోంచి ఎగిరి దూకే మొండి చేప అది. మా చిలమత్తూరుకి సముద్రం లేదు. కానీ చెరువు నిండితే మాకూ ఓ మొండి చేప ఉంది, కొరమీను.

రెండింటికీ ఓ పోలిక ఉంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా పైకొచ్చి గాలి మింగి బతికేస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో, ఎండుతున్న చెరువు బురదలోనూ కొరమీను కొన్నాళ్లు నెట్టుకొచ్చేది అందుకే.

సెప్టెంబరు, అక్టోబరు వానలకు చెరువు నిండితే కట్ట మీద గాలాలు మొదలు. పెద్దవాళ్లది వెదురు కర్ర, వానపాము. బెంగళూరు నుంచి వీకెండ్‌కి వచ్చే మాలాంటోళ్లది రీలు, రబ్బరు కప్ప. సాయంత్రం నాచు పక్కన ఆ కప్పని నీళ్ల మీద మెల్లగా లాగితే చాలు, ‘టప్’మని పట్టేస్తుంది.

కానీ కొరమీను పిల్లలు చేసేదీ వానల్లోనే. ఎర్రటి పిల్లలు గుంపుగా పైన తిరుగుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. అక్కడ ఎర పడితే ఆకలి లేకున్నా కరుస్తాయి, పిల్లల్ని కాపాడుకోవడానికి! వీడియోకి అదిరిపోతుంది. కాపలా పోయిన పిల్లల్ని మాత్రం మిగతా చేపలు మింగేస్తాయి.

కాబట్టి చేపల హక్కు ఎవరిదో ముందు ఊళ్లో అడగండి. ఎర్ర గుంపు కనిపిస్తే పక్కకి జరగండి. చింతచెట్ల మీద గూళ్లు కట్టే కొంగల్ని ముట్టుకోని వీరాపురం మా మండలంలోనే ఉంది. ఆ మర్యాద చేపకీ ఇద్దాం.