టైరు ఎంపికలో మొదటి ప్రశ్న బరువే

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న ప్రాంతం అమ్రోలి. నది దాటితే కతార్‌గామ్. ఇటు సాయణ్ వైపు వెళితే మరమగ్గాల చప్పుడు. మగ్గం దిగిన ముతక బట్ట అద్దకపు మిల్లులకు, అక్కడి నుంచి రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లకు చేరాలంటే చిన్న టెంపోలు, మూడు చక్రాల సరకు బండ్లు, లారీలు రేయింబవళ్లు తిరగవలసిందే. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్ మరమగ్గాల పరిశ్రమలో పనిచేస్తున్నాయి. ఈ పరిశ్రమనే నమ్ముకొని బండి నడిపేవారికి డీజిలు తరువాత తరచుగా ఎదురయ్యే పెద్ద ఖర్చు టైర్లదే. ఆ ఖర్చు దండగ కాకుండా, ప్రాణం మీదికి రాకుండా ఉండాలంటే టైరును ఎలా ఎంచుకోవాలి? టోకు పంపిణీదారు వద్ద ఏమేమి అడిగి తెలుసుకోవాలి?

టోకు పంపిణీదారు చేసే పని

టైరు కర్మాగారం నుంచి నేరుగా పంక్చరు దుకాణానికి రాదు. కంపెనీ డిపో నుంచి టోకు పంపిణీదారుకు, అక్కడి నుంచి చిల్లర దుకాణాలకు, లారీ యజమానులకు చేరుతుంది. ఆటోరిక్షాకు సరిపడే 4.00-8 మొదలుకొని పెద్ద లారీలకు వేసే 10.00 ఆర్20 వరకు పదుల కొలతలను నిల్వ ఉంచడం, చిల్లర వర్తకులకు అరువు ఇవ్వడం, లోపమున్న టైరు తిరిగి వస్తే కంపెనీ పరిశీలనకు పంపడం పంపిణీదారు బాధ్యతలు.

ఈ టైర్లు ఎక్కడెక్కడివో గమనిస్తే తెలుగు నేలకూ గుజరాత్‌కూ ఉన్న సంబంధం కనిపిస్తుంది. వడోదర సమీపంలోని లిమ్డాలో అపోలో, హలోల్‌లో సియట్, దహేజ్‌లో ఎంఆర్ఎఫ్ కర్మాగారాలు ఉన్నాయి. తెలంగాణలోని సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, ఆంధ్రప్రదేశ్‌లోని చినపాండూరులో అపోలో టైర్లు తయారవుతున్నాయి. ఏ ఊళ్లో తయారైనా, ఏ పేరు మోసినా, దేశంలో అమ్మే మోటారు వాహనాల టైర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే ఐఎస్ఐ గుర్తు ఉండి తీరాలి. 2009లో జారీ అయిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఈ నిబంధనను తెచ్చింది. కాబట్టి కంపెనీ పేరు కన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ టైరు నా బండి బరువును మోయగలదా?

టైరు పక్కగోడ చెప్పే సంగతులు

జవాబు టైరు పక్కగోడ మీదే అచ్చయి ఉంటుంది. ఒక కారు టైరుపై 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకుందాం. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. చివరనున్న 88 బరువు సూచిక. ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని దాని అర్థం. హెచ్ అనే అక్షరం ఆ బరువుతో గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని తెలుపుతుంది.

చాలామంది కొలత వరకు చూసి, చివరి అంకెను వదిలేస్తారు. ఒకే కొలతలో వేర్వేరు బరువు సూచికలు ఉన్న టైర్లు దొరుకుతాయి. కారు టైరుకూ, అదే రిమ్ముకు సరిపోయే సరకు బండి టైరుకూ తేడా ఇక్కడే ఉంటుంది. చూపుకు రెండూ ఒకేలా ఉన్నా, సరకు బండి టైరు లోపలి పొరలు గట్టివి. పొరల బలాన్ని 8పీఆర్, 16పీఆర్ వంటి గుర్తులు తెలుపుతాయి. పాత టైరుపై ఉన్న సూచిక కన్నా తక్కువ సూచిక గల టైరు చవకగా వస్తోందని తీసుకోవడం మొదటి పొరపాటు.

చట్టం అనుమతించే బరువు, టైరు మోసే బరువు

లారీల విషయంలో ఈ లెక్క మరింత ముఖ్యం. మన దేశంలో విరివిగా వాడే 10.00 ఆర్20, 16పీఆర్ టైరుపై సాధారణంగా 146/143కె అని కనిపిస్తుంది. ముందు ఇరుసు మాదిరిగా ఒక్కో వైపు ఒక్కో టైరే ఉన్నచోట 146 వర్తిస్తుంది. అంటే 3,000 కిలోలు. వెనుక జంటగా బిగించినచోట 143 వర్తిస్తుంది. అంటే ఒక్కో టైరుకు 2,725 కిలోలు. జంట టైర్ల మధ్య బరువు ఎప్పుడూ సరిసమానంగా పంచుకోదు గనుక ఆ తగ్గింపు. కె అంటే గంటకు 110 కిలోమీటర్ల వేగ పరిమితి.

ఈ లెక్కన ముందు రెండు టైర్లు కలిసి 6 టన్నులు, వెనుక నాలుగు టైర్లు కలిసి 10.9 టన్నులు మోస్తాయి. ఒకప్పుడు రెండిరుసుల లారీకి చట్టం అనుమతించిన బరువు ముందు ఇరుసుపై 6 టన్నులు, వెనుక ఇరుసుపై 10.2 టన్నులు. టైర్ల శక్తికి అది సరిపోయేది. 2018 జులైలో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ ఈ పరిమితులను వరుసగా 7 టన్నులకు, 11.5 టన్నులకు పెంచింది. మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెరిగింది. కొత్త పరిమితి మేరకు సరకు ఎక్కిస్తే పై టైర్లపై వాటి సూచికను మించిన భారం పడుతుంది. వేగం తగ్గించి నడిపితే కొంత సడలింపు ఉంటుంది గాని, అది ఎంతో కంపెనీ ఇచ్చే పట్టికలో చూసుకోవాలి. లేదా ఎక్కువ సూచిక గల టైరును ఎంచుకోవాలి. బండి రిజిస్ట్రేషను పత్రంలో రాసిన మొత్తం బరువును పంపిణీదారుకు చెప్పి, అందుకు తగిన సూచిక ఏదో అడగడం మంచిది.

బట్ట రవాణాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. సూరత్‌లో టాకా అని పిలిచే బట్ట చుట్టలను లెక్కపెట్టి ఎక్కిస్తారు. తూకం వేసి ఎక్కించడం అరుదు. నూలు పెట్టెలు ఒక బరువు, తడిసిన బట్ట మరో బరువు. చుట్టల లెక్క ఒకటే అయినా టైరు మీద పడే భారం మారిపోతుంది. ఒక్కసారి తూకపు వంతెనపై పూర్తి సరకుతో బండిని నిలిపి చూసుకుంటే తమ అసలు అవసరం ఏమిటో యజమానికి తెలిసిపోతుంది.

రేడియలా, నైలానా?

టైర్లలో ప్రధానంగా రెండు నిర్మాణాలు. పాత పద్ధతిలో నైలాన్ దారాల పొరలను ఒకదానిపై ఒకటి ఏటవాలుగా అల్లుతారు. రేడియల్ పద్ధతిలో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నిటారుగా సాగుతాయి. వాటిపై ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. 1946లో ఫ్రెంచి సంస్థ మిషెలిన్ పేటెంటు పొందిన ఈ పద్ధతి ఇప్పుడు కార్లన్నిటికీ, పెద్ద లారీలలో అధిక భాగానికీ వ్యాపించింది.

రేడియల్ టైరు తక్కువ వేడెక్కుతుంది, నెమ్మదిగా అరుగుతుంది, ఇంధనం ఆదా చేస్తుంది. కామ్‌రెజ్ మీదుగా సాగే 48వ నంబరు జాతీయ రహదారిపై ముంబయికో అహ్మదాబాద్‌కో నిత్యం తిరిగే బండికి అదే తగినది. క్వారీలలో, కట్టడాల దగ్గర, రాళ్ల బాటలపై మెల్లగా తిరిగే బండికి రేడియల్ పక్కగోడ పలచన గనుక కోతలు పడే ప్రమాదం ఎక్కువ. అక్కడ నైలాన్ టైరుకు ఇప్పటికీ చోటుంది. ఒకే ఇరుసుపై రెండు రకాలనూ కలిపి బిగించకూడదు. రెండింటి కదలిక వేరు గనుక బండి పక్కకు లాగుతుంది.

పైభాగంలోని చాళ్ల తీరూ పనిని బట్టి ఉండాలి. చుట్టూ నిలువుగా సాగే చాళ్లున్న టైరు స్టీరింగుకు తేలికగా లొంగుతుంది. ముందు చక్రాలకు, నున్నని రోడ్లకు అది అనువైనది. అడ్డంగా లోతైన గండ్లున్న టైరు మట్టిలో పట్టు ఇస్తుంది గనుక ఇంజను తిప్పే వెనుక చక్రాలకు వాడతారు. వానకాలంలో ఈ చాళ్లే నీటిని పక్కలకు తోసివేసి రబ్బరును రోడ్డుకు తాకనిస్తాయి. చాళ్లు అరిగిపోతే టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలిచి, బ్రేకు వేసినా బండి జారుతుంది. తడి రోడ్డుపై పట్టు, దొర్లేటప్పుడు కలిగే నిరోధం, శబ్దం విషయాలలో కొత్త నమూనా టైర్లకు 2022 అక్టోబరు నుంచి నిర్బంధ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి.

బరువు మోసేది గాలి

ఎంత మంచి టైరు కొన్నా, నిజంగా బరువు మోసేది దానిలోని గాలి. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టుకూ అతిగా వంగి లేస్తుంది. ఆ కదలికకు లోపల వేడి పుట్టి, పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. వేసవిలో టైరు పేలితే ఎండను నిందించడం పరిపాటి. ఎండ ఒక కారణమే. తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎక్కువ వేగం తోడైనప్పుడే అది ప్రమాదంగా మారుతుంది.

ఎండాకాలం గాలి వ్యాకోచిస్తుందన్న భయంతో ముందుగానే కొంత గాలి తీసివేసే అలవాటు కొందరిలో ఉంది. అది మేలు కన్నా కీడే చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కారు టైరులో పీడనం సుమారు ఒకటిన్నర పౌండ్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకొనే కంపెనీలు పీడనాన్ని నిర్ణయిస్తాయి. అందుచేత బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. వేడెక్కిన టైరు నుంచి గాలి తీయకూడదు. స్టెప్నీని కూడా మరవకూడదు. నైట్రోజన్ నింపితే గాలి కొంత నెమ్మదిగా తగ్గవచ్చు. మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే గనుక, దాన్ని నింపించామని పీడనం చూడడం మానరాదు.

కొత్త టైరు వయసు

వాడని టైరుకు కూడా వయసు ఉంటుంది. పక్కగోడపై నాలుగు అంకెలు ఒకచోట కనిపిస్తాయి. 2325 అని ఉంటే అది 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ముందు వచ్చిన సరకు ముందు అమ్మే పద్ధతి పాటించే గోదాములో పాత టైర్లు పేరుకుపోవు. అయినా తేదీ చూపించమని అడగడం కొనుగోలుదారు హక్కు.

నిల్వ చేసిన తీరూ చూడాలి. ఎండ, నూనె తగలకుండా, చల్లని పొడిచోట టైర్లు ఉంచాలి. విద్యుత్ మోటార్లు, వెల్డింగు యంత్రాల దగ్గర పుట్టే ఓజోన్ వాయువు రబ్బరుకు పగుళ్లు తెస్తుంది. మరమగ్గాల షెడ్లు పక్కపక్కనే ఉండే ప్రాంతాలలో ఇది గుర్తుంచుకోదగిన సంగతి. పక్కగోడను కొంచెం వంచి చూసినప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ టైరు తీసుకోవద్దు.

టైరును ఎప్పుడు మార్చాలో చట్టమే చెబుతుంది. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం చాళ్ల లోతు ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లు, ఇతర వాహనాలకు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గరాదు. చాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైతే ఇక ఆ టైరు పని అయిపోయినట్లే.

ధర చూసే పద్ధతి

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి, ట్రాక్టరు టైర్లపై 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఈ రేటు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామంటే ఒప్పుకోవడం నష్టమే. తయారీ లోపం బయటపడినప్పుడు వారంటీ కోరాలంటే బిల్లు, టైరు క్రమసంఖ్య రెండూ కావాలి. పరిహారం సాధారణంగా మిగిలిన చాళ్ల లోతును బట్టి లెక్కిస్తారు. వివాదం తెగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు.

రెండు టైర్లలో ఏది చవక అన్నది కిలోమీటరు లెక్కన తేల్చాలి. ఉదాహరణకు 18,000 రూపాయల టైరు 60,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 30 పైసలు. 22,000 రూపాయల టైరు 88,000 కిలోమీటర్లు నడిస్తే 25 పైసలే. రెండవదే చవక. ఏ టైరు ఎప్పుడు బిగించారో, మీటరు అంకె ఎంతో ఒక పుస్తకంలో రాసుకొనే యజమానికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

ఖర్చు తగ్గించుకోవడానికి అరిగిన టైరుకు కొత్త పైరబ్బరు ఎక్కించే రీట్రెడింగ్ మంచి మార్గమే. లోపలి పొరలు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే అది పనికివస్తుంది. అటువంటి టైరును వెనుక జంటలో వాడాలి. జంటలో ఒకటి దెబ్బతిన్నా రెండవది కాసేపు ఆదుకుంటుంది. ముందు చక్రానికి ఆ ఆసరా లేదు. ముందు టైరు పేలితే బండి ఒక్కసారిగా పక్కకు లాగేస్తుంది. జంటలో రెండు టైర్ల ఎత్తు సమానంగా ఉండేలా చూడడమూ ముఖ్యం. లేకుంటే ఎత్తైనదే బరువంతా మోసి ముందుగా పాడవుతుంది.

టైరు కొనడానికి వెళ్లేటప్పుడు నాలుగు వివరాలు రాసుకొని వెళ్లడం మేలు: పాత టైరుపై ఉన్న పూర్తి గుర్తులు, రిజిస్ట్రేషను పత్రంలోని మొత్తం బరువు, బండి తిరిగే దారి, రోజుకు నడిచే దూరం. ఈ నాలుగూ విని, తగిన సూచిక ఉన్న టైరు తన దగ్గర లేదని చెప్పగలిగిన పంపిణీదారు నమ్మదగినవాడు. వివరాలు అడగకుండానే చౌక ధర చెప్పే చోట తొందరపడకుండా, పక్కగోడ మీది చివరి అంకెను మరోసారి చదివి చూడాలి.