అమెరికా అడవులు: వాటి చుట్టూ అల్లుకున్న అపోహలు

అపోహ: నేషనల్ ఫారెస్ట్ అంటే చెట్టు కొట్టకూడని చోటు.

వాస్తవం: కొట్టకూడనిది నేషనల్ పార్కులో. నేషనల్ ఫారెస్టులు వ్యవసాయ శాఖ కిందివి. నీటి వనరుల రక్షణతో పాటు దేశానికి కలప అందించడం కూడా వాటి పనేనని 1897 చట్టమే చెప్పింది.

అపోహ: అక్కడ పర్యావరణం మొదటినుంచీ డెమోక్రాట్ల ఎజెండా.

వాస్తవం: 1907లో ఆరు రాష్ట్రాల్లో కొత్త అటవీ రిజర్వులు ప్రకటించే అధ్యక్షుడి అధికారాన్ని కాంగ్రెస్ తీసేసుకోబోతే, ఆ బిల్లుపై సంతకం పెట్టేలోగా 1.6 కోట్ల ఎకరాలను రిజర్వులుగా ప్రకటించేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ రిపబ్లికనే. 1973లో అంతరించిపోతున్న జీవుల రక్షణ చట్టంపై సంతకం చేసిన నిక్సన్ కూడా అంతే.

అపోహ: అడవికి నిప్పే శత్రువు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానాల్లో రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. మంటలార్పడానికి వెళ్లినవాళ్లే డెబ్బై మందికి పైగా చనిపోయారు. అప్పటికి అటవీ శాఖ పుట్టి ఐదేళ్లే. ఆ భయం దాన్ని వదల్లేదు. ఎక్కడ మంట కనబడినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపులోకి తేవాలని 1935లో నియమం పెట్టుకుంది. దాంతో చిన్న మంటల్లో ఎప్పటికప్పుడు కాలిపోవాల్సిన ఎండుటాకులు, పుల్లలు, పొదలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి.

కాలిఫోర్నియాలో పెరిగే మహావృక్షం సెకోయానే చూడండి. బెరడు రెండడుగుల మందం దాకా ఉంటుంది. నేలమీద పాకే మంట దాన్ని ఏమీ చెయ్యదు. పైగా ఆ వేడికే కాయలు ఎండి విచ్చుకుని గింజలు రాలుస్తాయి. చెత్త కాలి తేటపడ్డ మట్టిలోనే మొలక నిలదొక్కుకుంటుంది. కానీ కింద చెత్త గుట్టలు పడితే మంట కొమ్మల దాకా ఎగబాకుతుంది. కరవు, పెరిగిన ఎండలు కూడా తోడై, 2020 నాటి కాజిల్ కార్చిచ్చులో వేల సంఖ్యలో పెద్ద సెకోయాలు చచ్చిపోయాయి.

అపోహ: తెల్లవాళ్లు వచ్చేదాకా అవి మనిషి చెయ్యి పడని అడవులు.

వాస్తవం: ఉత్తర కాలిఫోర్నియాలో కరుక్, యురోక్ తెగలు తరతరాలుగా అదను చూసి చిన్న మంటలు పెట్టి అడవిని సాకాయి. కాలిన హేజెల్ పొద నుంచి తిన్నగా లేచే చువ్వలతోనే వాళ్లు బుట్టలల్లేవారు. అలా మంట పెట్టడం నేరమని 1850లో రాష్ట్రం చట్టం చేసింది. అడవి గురించి అందరికంటే బాగా తెలిసినవాళ్లను నేరస్థులను చేసిన అన్యాయం అది.

చివరికి 1968లో నిప్పు విషయంలో నేషనల్ పార్కుల విధానం మారింది. సెకోయా పార్కులో ఇప్పుడు సిబ్బందే పథకం ప్రకారం నిప్పు పెడుతున్నారు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి ఆ పార్కు చూడబోయినప్పుడు పొగ కనబడితే, అది పెట్టిన మంటా, అంటుకున్నదా అని అక్కడి రేంజర్‌ను అడగండి.