ఒడ్డున జనం... పడవలో బోధకుడు

మైకుల్లేవు, వేదిక లేదు, ఫలానా రోజు సభ అని చాటింపు వేసినవాళ్లూ లేరు. అయినా గలిలయ సముద్రం ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం! నిలబడటానికి చోటు లేక యేసు ఓ పడవ ఎక్కి, నీళ్లమీద కూర్చుని, ఒడ్డునున్న వాళ్లకు బోధించాడని మార్కు సువార్త చెబుతుంది.

పేరుకు సముద్రమే కానీ అది మంచినీటి సరస్సు. 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు. 1986లో కరవు వచ్చి నీళ్లు తగ్గినప్పుడు అక్కడి బురదలో ఓ పాత పడవ బయటపడింది. ఎనిమిది మీటర్లకు పైగా పొడవున్న ఆ పడవ దాదాపు రెండువేల ఏళ్లనాటిదని తేల్చారు. ఆయన ఎక్కింది అదేనని ఎవరూ చెప్పలేరు. ఇంచుమించు అలాంటిదే అయ్యుంటుంది.

ఇంతకీ ఆరోజు ఆయన చెప్పిందేమిటి? విత్తనాలు చల్లే రైతు కథ. కొన్ని గింజలు దారిపక్కన పడితే పక్షులు తినేశాయి. రాతినేలమీద పడ్డవి మొలిచినా ఎండకు మాడిపోయాయి. ఇంకొన్నింటిని ముళ్లపొదలు అణిచేశాయి. మంచినేలలో పడినవి మాత్రం ముప్పై, అరవై, నూరంతలుగా పండాయి. వింటున్న పల్లెజనానికి గింజ వృథా అయితే కలిగే బాధ ఒకరు చెప్పాలా! చిత్రమేమిటంటే, ఆ కథ వాళ్ల గురించే. విన్న మాట అందరిలోనూ నిలవదని, ఎదురుగా అంతమంది ఉండగానే చెప్పాడాయన. జనాన్ని చూసి మురిసిపోయే వక్త ఇలాంటి కథ ఎంచుకోడు.

కపెర్నహూములోనూ అంతే. సాయంత్రం ఊరంతా వాకిట్లో గుమిగూడింది. రోగులను బాగుచేశాడు. తెల్లవారకముందే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లిపోయాడు. అందరూ మీకోసం వెతుకుతున్నారని సీమోను వచ్చి చెబితే, పక్క ఊళ్లకు వెళదాం పదండన్నాడు. మనమైతే ఆ ఊళ్లోనే ఇంకో నాలుగు రోజులు ఉండిపోయేవాళ్లం!

అలాగని జనమంటే విసుగా? కాదు. ఊళ్లు తిరిగి వచ్చిన శిష్యులకు భోంచేసే తీరిక కూడా లేకపోతే, కాస్త విశ్రాంతి తీసుకుందామని పడవలో నిర్జన ప్రదేశానికి బయల్దేరారు. జనం కాలినడకన పరుగెత్తి వాళ్లకంటే ముందే అక్కడికి చేరారు. అలసిపోయి ఉన్నప్పుడు గుమ్మంలో ఇంకెవరో కనిపిస్తే మన ముఖం ఎలా మారుతుందో మనకు తెలుసు. ఆయనకు మాత్రం కాపరిలేని గొర్రెల్లా కనిపించారట. విశ్రాంతి మాట పక్కనపెట్టి బోధించడం మొదలుపెట్టాడు. పొద్దువాలాక, అయిదు రొట్టెలు, రెండు చేపలతోనే అందరి ఆకలీ తీర్చాడు. పురుషులే అయిదువేల మంది. స్త్రీలు, పిల్లలు ఆ లెక్కలో లేరంటాడు మత్తయి.

కడుపు నిండిన జనం ఆయన్ని బలవంతంగానైనా రాజును చేయాలని చూశారని యోహాను రాశాడు. సంగతి గ్రహించిన ఆయన ఒంటరిగా కొండెక్కి వెళ్లిపోయాడు.