పదిహేడు రేకుల మీద మాయామాళవగౌళ

మా మేనకోడలు సంగీతం క్లాసులో నేర్చుకున్న సరళీ వరసను కొత్తగా కొన్న కలింబా మీద వాయించబోయింది. స బాగానే పలికింది. రి దగ్గరకొచ్చేసరికి మొహం ముడుచుకుంది. "అత్తా, ఈ రి తప్పుగా మోగుతోంది" అంది. రి తప్పు కాదు. తనకు కావలసిన రి ఆ చెక్క మీద అసలు లేదు.

రెండు బొటనవేళ్లతో మీటే ఈ వాయిద్యానికి సాధారణంగా 17 ఉక్కు రేకులుంటాయి. అవి పలికేవి ఏడే స్వరాలు. అవే పై స్థాయిల్లో మళ్లీ వస్తాయి. హార్మోనియంలో నల్ల మెట్లు పీకేసి తెల్లవి మాత్రం ఉంచినట్టు అనుకోండి. మన లెక్కలో అది ధీరశంకరాభరణం. సరళీ వరసలు నేర్పే మాయామాళవగౌళ రాగానికి కావలసినవి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం. తెల్ల మెట్ల స నుంచి మొదలుపెడితే ఆ రెండూ దొరకవు.

కలింబా పుట్టిల్లు ఆఫ్రికా. జింబాబ్వేలో షోనా ప్రజలు తరతరాలుగా వాయిస్తున్న ఎంబిరా దీనికి పెద్దక్క. పూర్వీకుల ఆత్మలను పిలిచే బీరా అనే వేడుకలో అది మోగుతుంది. దాని స్వరస్థానాలు తయారుచేసినవారి చెవిని బట్టి మారతాయి, పియానో కొలతకు లొంగవు. ఆఫ్రికా సంగీతాన్ని ఊరూరా తిరిగి రికార్డు చేసిన హ్యూ ట్రేసీ 1950లలో ఈ కుటుంబపు వాయిద్యాన్ని పాశ్చాత్య స్వరాలకు సర్ది, కలింబా పేరుతో బయటి ప్రపంచానికి అందించాడు. కాబట్టి ఎంబిరాను కలింబాకు మొదటి మెట్టుగా చూడకూడదు. అది దాని లోకంలో సంపూర్ణం.

కలింబా మార్చాలనే ఆలోచనకు ముందు ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవాలంటాను. మనకు గ్రహభేదం అనే గొప్ప ఉపాయం ఉంది. అవే రేకులు, ఆధార షడ్జమం మాత్రం వేరు. రెండో స్వరాన్ని స అనుకుంటే ఖరహరప్రియ, మూడోదాన్ని అనుకుంటే తోడి, నాలుగోదైతే కళ్యాణి, ఐదోదైతే హరికాంభోజి, ఆరోదైతే నఠభైరవి స్వరాలు వస్తాయి. ఏడోదానికి శుద్ధమైన పంచమం దొరకదు గనక మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) కాదు. మోహన, హిందోళం, మధ్యమావతి, శుద్ధసావేరి స్వరాలు కూడా ఇందులోనే దాగి ఉన్నాయి. శంకరాభరణంతో కలిపి 72 మేళకర్తల్లో ఆరు! చిన్న చెక్కకు ఇది తక్కువ సంపద కాదు.

మిగతా 66 కావాలంటే? ఒక దారి రేకులు జరపడం. ఒక కొస బిగించి ఉన్న రేకు కంపన వేగం దాని పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. పొడవు సుమారు 3 శాతం పెరిగితే శ్రుతి ఒక అర్ధస్వరం దిగుతుంది. కదిలే భాగం 60 మిల్లీమీటర్లుంటే, సుమారు 1.8 మిల్లీమీటర్లు మనవైపు జరిపితే చాలు. మాయామాళవగౌళ కోసం మూడు రిషభాలు, రెండు ధైవతాలు, మొత్తం ఐదు రేకులను చిన్న సుత్తితో మెల్లగా తట్టి దించాలి. ఆ తర్వాత శంకరాభరణం పోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ తట్టాలి.

మన వీణ ఈ చిక్కును ఎన్నడో ఎదుర్కొంది. 1550లో రామామాత్యుడు రాసిన ‘స్వరమేళకళానిధి’లో ఏకరాగ మేళ వీణ, సర్వరాగ మేళ వీణ అనే రెండు రకాలున్నాయి. మొదటిదానిలో మెట్లు ఒక రాగానికి సరిపడా ఉంటాయి, రెండోదానిలో అన్ని రాగాలకూ సరిపోతాయి. నేటి వీణకున్న 24 స్థిరమైన మెట్లు, స్థాయికి 12 చొప్పున, ఈ రెండో దారివే. నా దృష్టిలో మామూలు కలింబా ఏకరాగ మేళం, అన్ని స్వరస్థానాలకూ రేకులున్న క్రోమాటిక్ కలింబా సర్వరాగ మేళం.

క్రోమాటిక్ రకాల్లో ఒకదానికి రెండు వరసల్లో 34 రేకులుంటాయి. మొదటి వరసకు రెండోది అర్ధస్వరం పైన ఉందనుకోండి. గ, ని రేకుల మీద అర్ధస్వరం ఎక్కితే వచ్చేవి మ, స. చిట్టచివరి మ తప్ప అవి మొదటి వరసలో ముందే ఉన్నాయి. లెక్క వేస్తే 34 రేకులకు 30 వేర్వేరు శబ్దాలే. అయినా స్థాయిలోని 12 స్వరస్థానాలూ అందుతాయి, మాయామాళవగౌళ సుత్తి లేకుండానే పలుకుతుంది.

దీనికి మూల్యం ఉంది. మామూలు కలింబాలో స మధ్యన ఉండి, మిగతా స్వరాలు ఎడమకొకటి కుడికొకటి సర్దుకుంటాయి. అందుకే ఒక పక్క వరసగా ఉన్న మూడు రేకుల మీద వేలు జార్చితే స-గ-ప వంటి పొందిక తనంతట వస్తుంది. తప్పు మీటినా చెవికి బాధ కలగదు. రెండు వరసల కలింబాలో ఆ రక్షణ లేదు. పైగా రేకును ఆపే ఏర్పాటేదీ లేదు గనక ముందు స్వరం మోగుతుండగానే తర్వాతిది మొదలవుతుంది. స 261.6 హెర్ట్జ్, దాని పక్క శుద్ధ రి 277.2 హెర్ట్జ్. రెండూ కలిసి మోగితే సెకనుకు సుమారు 16 సార్లు ధ్వని పెరిగి తగ్గుతుంది, చెవికి గరగరగా తోస్తుంది. అందుకే ముందు రేకును వేలితో తాకి ఆపడం కొత్తగా నేర్చుకోవాలి.

గమకం మాత్రం ఏ కలింబాకూ రాదు. వీణ మీద తీగను పక్కకు లాగినట్టు ఉక్కు రేకును లాగలేం. తోడిలో గాంధారం ఊగకపోతే స్వరాలన్నీ ఉన్నా తోడి అనిపించదు. మాయామాళవగౌళ సరళీ వరసలు మాత్రం నిలకడ స్వరాలతోనే సాగుతాయి, కలింబాకు హాయిగా ఒదుగుతాయి.

మా మేనకోడలు ప్రస్తుతానికి ఐదు రేకులూ దించుకుంది. ఫోన్‌లో శ్రుతి చూసుకుంటూ ఒక సాయంత్రమంతా కూర్చుంది. ఇప్పుడు రెండో సరళీ వరస వాయిస్తోంది.